టీకా తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతాయా? మీకు తెలుసా?

వానలు పడి డెంగీ మొదలైందంటే తెలుగు ఇళ్లలో అందరి నోటా ఒకటే మాట: ప్లేట్‌లెట్లు. "ఎన్ని ఉన్నాయి? ఎక్కించారా?" అని అడగని చుట్టం ఉండడు. డెంగీ లేకపోయినా ఈ కణాలు పడిపోయే సందర్భాలు ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. అందులో ఒకటి టీకా. సూది వేయించుకున్న కొన్ని రోజులకో వారాలకో, వేలల్లో లక్షల్లో ఒకరికి, రోగనిరోధక వ్యవస్థ గురి తప్పి సొంత రక్తకణాల మీదికి మళ్లుతుంది.

ఈ సంగతి బయటికి చెబితే జనం టీకాకు దూరమవుతారని కొందరు దాస్తారు. ఇదే సంగతిని పట్టుకుని టీకాలే వద్దని ఇంకొందరు ప్రచారం చేస్తారు. రెండూ పిల్లలకు చేటు చేసేవే. ఎంతమందికి వస్తుందో, ఎందుకు వస్తుందో, వస్తే ఏం చేయాలో తెలిసిన తల్లిదండ్రులే బిడ్డకు ధైర్యంగా టీకా వేయించగలరు. అందుకే ఈ వివరాలు.

1. ఒక ప్లేట్‌లెట్ ఆయుష్షు పది రోజులు మించదు

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకూ ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఒక్కోటి వారం నుంచి పది రోజులు బతుకుతుంది. ఆ లోటు తీర్చడానికి ఎముకల్లోని మూలుగ రోజుకు దాదాపు 10,000 కోట్ల కొత్త ప్లేట్‌లెట్లను తయారుచేస్తుంది. చర్మం చీరుకుపోయినా, రక్తనాళం చిట్లినా ముందుగా అక్కడికి చేరి రక్తాన్ని ఆపేవి ఇవే. ఈ పని వీటిదేనని 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పనిచేసిన గియులియో బిజోజెరో వివరించాడు.

సంఖ్య లక్ష కంటే తగ్గితే వైద్యులు కారణం వెతకడం మొదలుపెడతారు. ఇరవై వేల కంటే కిందికి పోతే, దెబ్బ తగలకపోయినా రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.

2. సొంత ప్లేట్‌లెట్లను శరీరమే చంపే జబ్బు ఉంది

దాని పేరు ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. వైద్యులు పొట్టిగా ఐటీపీ అంటారు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవిని గుర్తుపట్టడానికి తయారైన యాంటీబాడీల్లో కొన్ని ప్లేట్‌లెట్ల పైపొరలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. అలా గుర్తుపడిన ప్లేట్‌లెట్లను ప్లీహంలోని కణాలు మింగేస్తాయి. మూలుగ తయారుచేస్తూనే ఉంటుంది, కానీ నాశనమయ్యే వేగాన్ని అందుకోలేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. జర్మనీలోని హానోవర్‌కు చెందిన వైద్యుడు వెర్ల్‌హోఫ్ 1735లోనే దీని లక్షణాలను రాసిపెట్టాడు. అప్పటికి ఆధునిక టీకా అన్నది పుట్టనే లేదు. పిల్లల్లో ఐటీపీ ఎక్కువగా ఏదో ఒక వైరల్ జ్వరం తగ్గిన తర్వాత వస్తుంది. టీకా తర్వాత వచ్చేది అందులో చిన్న వాటా మాత్రమే.

3. కారణం కనిపెట్టడానికి ఒక డాక్టరు రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు

1950 వరకూ పెద్ద చర్చ ఒకటి నడిచేది. ఐటీపీలో మూలుగ ప్లేట్‌లెట్లను తయారు చేయడం లేదా, లేక తయారైనవి నాశనమవుతున్నాయా? అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బార్న్స్ ఆసుపత్రి యువ వైద్యుడు విలియం హారింగ్టన్ దీన్ని తన ఒంటిమీదే తేల్చుకోవాలనుకున్నాడు. ఐటీపీ ఉన్న ఒక మహిళ రక్తం అర లీటరు తనకు ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు అట్టడుగుకు పడిపోయాయి. మూర్ఛ వచ్చింది. ఒంటిమీద రక్తపు మచ్చలు లేచాయి. ఆయన మూలుగను పరీక్షిస్తే అక్కడ ప్లేట్‌లెట్లను పుట్టించే కణాలు చక్కగానే ఉన్నాయి. వారం రోజులకు సంఖ్య మళ్లీ పెరిగింది.

తయారీలో లోపం లేదని, రోగి రక్తంలోని ఏదో పదార్థం ప్లేట్‌లెట్లను చంపుతోందని దాంతో తేలింది. ఆ తర్వాత తోటి వైద్యులు కూడా ఈ పరీక్షకు ముందుకొచ్చారు. 1951లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పదార్థం యాంటీబాడీయేనని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. ఈ రోజు అలాంటి ప్రయోగానికి ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. కానీ సొంత ఒంటికి ఎదురుతిరిగే రోగనిరోధక శక్తి మనుషుల్లో నిజంగా ఉంటుందని వైద్యలోకం నమ్మడానికి ఆ సాహసం పెద్ద ఆధారమైంది.

4. ఎంఎంఆర్ టీకా తర్వాత ఐటీపీ వచ్చే అవకాశం సుమారు 30,000 నుంచి 40,000 డోసులకు ఒకటి

టీకాకూ ఐటీపీకీ ఉన్న సంబంధం గట్టిగా రుజువైనది ఇక్కడే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకాలో బలహీనపరిచిన వైరస్‌లు ప్రాణంతో ఉంటాయి. అవి ఒంట్లో కొద్దిగా పెరుగుతాయి, రోగనిరోధక వ్యవస్థ వాటిమీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ సందడిలో అరుదుగా కొన్ని యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను పట్టుకుంటాయి. సాధారణంగా ఇది టీకా వేసిన ఆరు వారాల లోపే బయటపడుతుంది.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసేది తట్టు, రుబెల్లాలకు కలిపిన ఎంఆర్ టీకా. 9-12 నెలల మధ్య ఒక డోసు, 16-24 నెలల మధ్య రెండో డోసు. 2017లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ ప్రత్యేక కార్యక్రమం పెట్టి ఈ టీకా వేసినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోని బడులూ అందులో ఉన్నాయి.

5. టీకా కంటే అసలు జబ్బే ప్లేట్‌లెట్లను ఎక్కువగా పడగొడుతుంది

రుబెల్లా సోకినవారిలో సుమారు 3,000 మందికి ఒకరికి, తట్టు సోకినవారిలో సుమారు 6,000 మందికి ఒకరికి ప్లేట్‌లెట్లు ఇలా పడిపోతాయని అంచనా. అంటే టీకా తర్వాతి ప్రమాదం కంటే జబ్బుతో వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. తట్టు అక్కడితో ఆగదు. న్యుమోనియా, మెదడువాపు తెస్తుంది. అంతకుముందు ఇతర జబ్బుల మీద సంపాదించుకున్న రోగనిరోధక జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. రుబెల్లా గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు చూపు, వినికిడి, గుండె దెబ్బతినవచ్చు.

2000 నుంచి 2023 వరకూ తట్టు టీకా ప్రపంచంలో ఆరు కోట్లకు పైగా మరణాలను ఆపిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. టీకా తర్వాతి ఐటీపీని ఈ లెక్కతో పోల్చి చూడాలి.

6. టీకా తర్వాత ఐటీపీ వచ్చిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఆరు నెలల్లో పూర్తిగా కోలుకుంటారు

చాలామందికి మందు కూడా అక్కర్లేదు. ఒంటిమీద మచ్చలే తప్ప రక్తం కారకపోతే వైద్యులు రక్తపరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. ఆ రోజుల్లో తలకు దెబ్బ తగిలే ఆటలు మానిపించాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు సొంతంగా వేయకూడదు. అవి ఉన్న కాసిని ప్లేట్‌లెట్ల పనిని కూడా అడ్డుకుంటాయి. రక్తం కారుతుంటే స్టెరాయిడ్ మందులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే పెద్దగా ఫలితం ఉండదు, ఎక్కించినవాటినీ అవే యాంటీబాడీలు నాశనం చేస్తాయి. ప్రాణాపాయం వచ్చేంత రక్తస్రావం ఉన్నప్పుడే ఆ పని చేస్తారు. "ఎందుకు ఎక్కించరు?" అని డాక్టరుతో గొడవపడే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

7. వేలమంది రక్తదాతల ప్లాస్మాతో తయారయ్యే మందు ఐటీపీని ఆపుతుంది

1980ల తొలినాళ్లలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ ఇంబాక్ అనే పిల్లల వైద్యుడు ఐటీపీ ఉన్న పిల్లలకు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను నరం ద్వారా ఎక్కించి చూశాడు. ప్లేట్‌లెట్లు వేగంగా పెరిగాయి. 1981లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. వేలమంది దానం చేసిన ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు ఇందులో ఉంటాయి. అవి ప్లీహంలోని కణాలను ముందుగానే ఆక్రమించుకోవడంతో ప్లేట్‌లెట్లను మింగే పని మందగిస్తుంది. ఒంటి మీద ఎదురుతిరిగిన యాంటీబాడీలను మరెవరి యాంటీబాడీలతోనో అదుపు చేయవచ్చని వైద్యులు నేర్చుకున్నది ఇక్కడే. నలభై ఏళ్ల తర్వాత, కింద చెప్పబోయే కోవిడ్ టీకా సంక్షోభంలో ఇదే మందు ప్రాణాలు కాపాడింది.

8. ప్లీహం తీసేయాలన్న ఆలోచన ఒక వైద్య విద్యార్థిది

1916లో ప్రాగ్ నగరంలో చదువుతున్న పాల్ కాజ్‌నెల్సన్, ప్లేట్‌లెట్లు నాశనమయ్యేది ప్లీహంలోనే అయి ఉంటుందని ఊహించి, ఒక రోగికి ప్లీహం తీయమని తన ప్రొఫెసరును ఒప్పించాడు. ఆపరేషన్ తర్వాత ఆమె ప్లేట్‌లెట్లు పెరిగాయి. దశాబ్దాల పాటు మొండి ఐటీపీకి ఇదే చికిత్స.

అలా ప్లీహం తీయించుకోబోయే వారికి ముందుగా వైద్యులు వేసేవి టీకాలే. ప్లీహం లేని మనిషికి న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ బాక్టీరియాలు ప్రాణాంతకం కాగలవు. అందుకే వీలైతే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు ఈ టీకాలు వేస్తారు. ఐటీపీ ఉన్న మనిషికి టీకా శత్రువు కాదు, చాలా సందర్భాల్లో రక్షణ.

9. 2021లో ప్లేట్‌లెట్లు తగ్గుతూనే రక్తం గడ్డకట్టే కొత్త జబ్బు బయటపడింది

ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి. కానీ 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐరోపాలోని ఆసుపత్రులకు విచిత్రమైన రోగులు వచ్చారు. ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా వేయించుకున్న వారం, పది రోజులకు వాళ్లకు తీవ్రమైన తలనొప్పి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ. అదే సమయంలో మెదడు సిరల్లో, కడుపులోని సిరల్లో రక్తం గడ్డలు. చాలామంది వయసులో చిన్నవాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు.

జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ గ్రైనాకర్ బృందం, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ ఆసుపత్రి బృందం, లండన్‌లో మేరీ స్కల్లీ బృందం విడివిడిగా ఒకే కారణం దగ్గరికి చేరుకున్నాయి. మూడు బృందాల పత్రాలూ 2021 ఏప్రిల్‌లోనే వచ్చాయి. ఓస్లో పత్రంలోని ఐదుగురు రోగులూ ఆరోగ్య సిబ్బందే. ఇతరుల ప్రాణాలు కాపాడే ఉద్యోగంలో ఉన్నందుకే వాళ్లు అందరికంటే ముందు టీకా వేయించుకున్నారు. ఈ జబ్బుకు విట్ (VITT) అన్న పొట్టి పేరు స్థిరపడింది.

10. కారణం అంత త్వరగా దొరకడానికి వెనక దశాబ్దాల పరిశోధన ఉంది

రక్తం పలచబడటానికి ఇచ్చే హెపారిన్ అనే మందు కొద్దిమందిలో విరుద్ధంగా పనిచేస్తుంది. ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే పీఎఫ్4 అనే ప్రోటీన్‌తో హెపారిన్ కలిసినప్పుడు, ఆ జంట మీద యాంటీబాడీలు పుట్టి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. రెచ్చిన ప్లేట్‌లెట్లు గడ్డలు కట్టడంలో ఖర్చయిపోతాయి. అందుకే ఒకే సమయంలో గడ్డలూ ఉంటాయి, ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. గ్రైనాకర్ ఏళ్ల తరబడి ఈ జబ్బునే చదువుతున్నాడు. టీకా రోగుల నివేదికలు చూడగానే ఆయనకు ఈ పోలిక తట్టింది. పరీక్షిస్తే హెపారిన్ ఒక్క చుక్క తీసుకోని వాళ్ల రక్తంలోనూ పీఎఫ్4 మీద బలమైన యాంటీబాడీలు కనిపించాయి.

దాంతో చికిత్స కూడా తేలింది. హెపారిన్ కాకుండా వేరే రక్తం పలచబరిచే మందులు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వాలి, ప్లేట్‌లెట్లు ఎక్కించడం వీలైనంత మానుకోవాలి. బ్రిటన్‌లో తొలి 220 మంది రోగుల్లో 22 శాతం చనిపోయారు. లక్షణాలు గుర్తించి తొందరగా చికిత్స మొదలుపెట్టడం నేర్చుకున్న కొద్దీ బతికేవారు పెరిగారు.

11. దేశాలు వయసును బట్టి నిర్ణయాలు మార్చుకున్నాయి

2021 మార్చి 11న డెన్మార్క్ ఆ టీకాను ఆపింది. ఏప్రిల్ 7న ఐరోపా ఔషధ సంస్థ దీన్ని అత్యంత అరుదైన దుష్ప్రభావంగా చేర్చింది. అదే రోజు బ్రిటన్ 30 ఏళ్ల లోపు వారికి, నెల తర్వాత 40 లోపు వారికి వేరే టీకా సిఫారసు చేసింది. అక్కడి లెక్కల్లో 50 ఏళ్ల లోపు వారిలో దాదాపు 50,000 మందికి ఒకరిలో, పైబడిన వారిలో లక్షకు ఒకరిలో ఇది కనిపించింది. పెద్దవాళ్లకు కోవిడ్ వల్ల చనిపోయే ముప్పు చాలా ఎక్కువ కాబట్టి వారికి టీకా కొనసాగింది. ఆస్ట్రాజెనెకా టీకాలాగే అడినోవైరస్‌ను వాహకంగా వాడి తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను అమెరికా ఏప్రిల్ 13న ఆపి, పరిశీలించి, 23న హెచ్చరికతో మళ్లీ అనుమతించింది.

12. మన దేశంలో 7.5 కోట్ల డోసులను పరిశీలిస్తే 26 అనుమానిత కేసులు కనిపించాయి

ఆస్ట్రాజెనెకా టీకానే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసింది. టీకా అనంతర దుష్ప్రభావాలను పరిశీలించే జాతీయ కమిటీ 2021 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టిన కేసులు పది లక్షల డోసులకు ఒకటి కంటే తక్కువే. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌తో అప్పటికి అలాంటి కేసు నమోదు కాలేదు. అది చంపిన వైరస్‌తో చేసిన టీకా, కోవిషీల్డ్‌లోలా అడినోవైరస్ వాహకం అందులో ఉండదు.

13. ఎవరికి వస్తుందన్నదానికి జన్యువుల్లో ఒక జాడ దొరికింది

ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విట్ రోగుల యాంటీబాడీలను విడదీసి చూశారు. వేర్వేరు మనుషుల్లో పుట్టినా అవన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉన్నాయి, ఒకే రకమైన యాంటీబాడీ జన్యువు నుంచి వచ్చాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఏ టీకా లేకుండా మామూలు జలుబు తెచ్చే అడినోవైరస్ సోకిన కొద్దిమందిలోనూ ఇదే జబ్బు, ఇదే రకం యాంటీబాడీ 2023 నుంచి కనిపించాయి. ఇన్నాళ్లూ కారణం తెలియని గడ్డలుగా మిగిలిపోయిన కొన్ని కేసులకు టీకా మీద జరిగిన ఈ పరిశోధనే దారి చూపింది.

14. పెద్ద ప్రయోగాల్లోనూ ఇలాంటి జబ్బు కనిపించకపోవడానికి కారణం గణితం

అమెరికా, చిలీ, పెరూ దేశాల్లో జరిగిన ఆస్ట్రాజెనెకా టీకా ప్రయోగంలో 32 వేల మందికి పైగా పాల్గొన్నారు. వారిలో మూడింట రెండు వంతుల మందికే అసలు టీకా. యాభై వేలల్లో ఒకరికి వచ్చే జబ్బు అందులో కనిపించకపోవడం సహజం. గణాంకవేత్తలు ఒక సులువైన సూత్రం చెబుతారు: ముప్పై వేలల్లో ఒకరికి వచ్చేదాన్ని కనీసం ఒక్కసారైనా చూస్తామన్న భరోసా కావాలంటే దానికి మూడు రెట్లు, అంటే తొంభై వేలమందిని గమనించాలి. కాబట్టి టీకా బయటికి వచ్చాక సాగే నిఘాయే అసలైన పరీక్ష.

15. టీకా తర్వాత వచ్చిన ప్రతిదీ టీకా వల్ల వచ్చింది కాదు

టీకాతో సంబంధం లేకుండానే ఏటా లక్ష మంది పిల్లల్లో ఇద్దరి నుంచి ఐదుగురికి ఐటీపీ వస్తుంది. అందులో కొందరికి అది టీకా వేసిన నెలలోనే పడుతుంది. ఏది యాదృచ్ఛికం, ఏది కాదు? బ్రిటన్‌లో పాడీ ఫారింగ్టన్, సహచరులు 1995లో ఒక చక్కని పద్ధతి ప్రకటించారు. అదే బిడ్డలో టీకా తర్వాతి ఆరు వారాలను మిగతా కాలంతో పోల్చి చూస్తారు. ఆ లెక్కలోనే ఎంఎంఆర్-ఐటీపీ సంబంధం నిలబడింది.

ఎర్రకణాలను చంపే ఆటోఇమ్యూన్ రక్తహీనత, చిన్న నాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ, పెద్దవయసులో వచ్చే హీమోఫిలియా లాంటివి కూడా టీకా తర్వాత కనిపించాయని వైద్య పత్రికల్లో ఒక్కొక్క రోగి కథగా వచ్చాయి. కానీ వీటికీ టీకాకూ కారణ సంబంధం ఎంఎంఆర్ విషయంలోలా నిర్ధారణ కాలేదు.

16. ఒకసారి ఐటీపీ వచ్చిందని రెండో డోసు తప్పనిసరిగా మానాల్సిన పని లేదు

మొదటి డోసు తర్వాత ఐటీపీ వచ్చిన బిడ్డకు రెండోది వేయాలా వద్దా అన్నది రక్తపరీక్షతో తేల్చవచ్చు. తట్టు, రుబెల్లాల మీద సరిపడా యాంటీబాడీలు ఇప్పటికే ఉంటే రెండో డోసు అక్కర్లేదు. లేకపోతే ప్రమాదాన్నీ రక్షణనూ తూచి వైద్యులు నిర్ణయిస్తారు. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవారికి కండలో వేసే ఇతర టీకాలను కూడా సన్నని సూదితో వేసి, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటారు.

17. ఈ లక్షణాలు ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు

టీకా తర్వాత ఆరు వారాల లోపు ఒంటిమీద సన్నని ఎర్రచుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఆగని ముక్కు రక్తం, చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఎర్రచుక్క మీద గాజుగ్లాసు ఆనించి నొక్కండి. రంగు పోకుండా అలాగే ఉంటే అది చర్మం కింద కారిన రక్తం. ఒక్క కంప్లీట్ బ్లడ్ కౌంట్ పరీక్షతో ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిసిపోతుంది. అడినోవైరస్ టీకా వేయించుకున్న నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కడుపునొప్పి, కాలి వాపు, ఆయాసం వస్తే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి టీకా తేదీ చెప్పాలి.

ఆ తర్వాత ఇంకో పని ఉంది. జరిగిన దాన్ని టీకా వేసిన ఏఎన్‌ఎంకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో చెప్పి నమోదు చేయించండి. ఔషధ దుష్ప్రభావాల జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కి ఫోన్ చేసినా చాలు. విట్ జబ్బు కొద్ది వారాల్లో దొరికిందంటే, ఎక్కడెక్కడి వైద్యులో తమ దగ్గరికొచ్చిన ఒకరిద్దరు రోగుల వివరాలను తేలిగ్గా తీసుకోకుండా రాసి పంపడం వల్లే. బిడ్డకు టీకా సమయానికి వేయించడం ఎంత బాధ్యతో, తేడా కనిపిస్తే నోరు విప్పి చెప్పడం కూడా అంతే బాధ్యత. ఈ రెండూ కలిసినప్పుడే రేపటి పిల్లలకు వేసే టీకా ఇవాళ్టి దానికంటే భద్రంగా ఉంటుంది.